రాస్ దీవి శిథిలాల్లో యుద్ధం వాటా ఎంత?

అండమాన్ రాజధాని పోర్ట్‌బ్లెయిర్‌లో మెరీనా దగ్గర పడవెక్కితే పది పదిహేను నిమిషాల్లో రాస్ దీవి జెట్టీ వచ్చేస్తుంది. దిగి నాలుగడుగులు వేస్తే చెట్ల వేళ్లు చుట్టేసిన ఇటుక గోడలు కనిపిస్తాయి. అక్కడ నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్లలో కొందరు "జపాన్ వాళ్లు బాంబులేసి కూల్చారట" అంటారు, కొందరు "కాదు, భూకంపం" అంటారు. రెండూ కలిపి ఒకే ముక్కలో చెప్పేసే గైడ్లకూ కొదవ లేదు.

ఆ గోడల గతికి ముఖ్య కారణం బాంబులు కాదు. 1941 భూకంపం వాటికి బీటలు తీసింది, 1942 తర్వాత మనుషులు వాటిని వదిలేశారు, మిగిలిన పని మర్రి, రావి జాతి చెట్లు తీరిగ్గా పూర్తిచేశాయి. రెండో ప్రపంచ యుద్ధం ఈ దీవి మీద వదిలి వెళ్లినవి కొన్ని కాంక్రీటు బంకర్లు, ఒక మనిషి బస చేసిన జ్ఞాపకం, అంతే. మనుషుల్ని చంపిన యుద్ధం నడిచింది ఎదురుగా ఉన్న ఊళ్లో. అందుకే యుద్ధ చరిత్ర కోసం వచ్చి ఒక్క రాస్ చూసి తిరిగి వెళ్లేవాళ్లు అసలు సంగతి చూడకుండా వెళ్తున్నట్టే. రెండు రోజులు చేతిలో ఉంటే రెండు పక్కలా చూడొచ్చు.

ముందు పేర్ల చిక్కు

2018 డిసెంబర్ 30న రాస్ దీవి పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. అదే రోజు హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్‌గా, నీల్‌ను షహీద్ ద్వీప్‌గా మార్చారు. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్‌బ్లెయిర్ కూడా శ్రీ విజయపురం అయింది. బోర్డుల మీద కొత్త పేర్లుంటాయి, ఆటోవాళ్ల నోట్లో పాతవి నలుగుతుంటాయి. విమానం టికెట్ వెతికేటప్పుడు ఏ పేరు కొట్టాలో తోచకపోతే విమానాశ్రయం కోడ్ ఐఎక్స్‌జెడ్ కొడితే చాలు, అది మారలేదు.

ఈ పేర్లలో ఇంకో మడత ఉంది. 1943లో బోస్ షహీద్ అని పేరు పెట్టింది మొత్తం అండమాన్ దీవులకు, స్వరాజ్ అన్నది నికోబార్ దీవులకు. ఇప్పుడు ఆ రెండు పేర్లూ అండమాన్‌లోనే ఉన్న రెండు చిన్న దీవులకు వచ్చాయి. పాత పుస్తకంలో "స్వరాజ్" అని చదివి హావ్‌లాక్ అనుకుంటే లెక్క తప్పుతుంది.

డబ్బు పోయే తికమక మాత్రం వేరే ఉంది. ఉత్తర అండమాన్‌లో, డిగ్లీపూర్ దగ్గర, ఇసుక దిబ్బతో కలిసిన జంట దీవులు రాస్, స్మిత్. సోషల్ మీడియాలో రాస్ పేరుతో తిరిగే తెల్లటి ఇసుక ఫొటోలు చాలావరకు అక్కడివి. పోర్ట్‌బ్లెయిర్ నుంచి అక్కడికి రోడ్డు మీద 300 కిలోమీటర్ల పైనే, అదీ జార్వా ఆదివాసుల రిజర్వు అడవి గుండా, కాన్వాయ్ వేళలు చూసుకుని వెళ్లాలి. వారాంతంలో తెమిలే పని కాదు. యుద్ధ చరిత్ర ఉన్న రాస్‌కు డేనియల్ రాస్ అనే సముద్ర సర్వేయర్ పేరు పెట్టారు. అది పోర్ట్‌బ్లెయిర్ రేవు ముఖద్వారంలోనే ఉంది.

గోడల్ని ఎవరు కూల్చారు

1857 తిరుగుబాటు ఖైదీల్ని ఉంచడానికి బ్రిటిష్‌వాళ్లు చోటు వెతుక్కుంటూ వచ్చారు. 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ పాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో ఓడ దిగాడు. మొదట ఛాథం దీవిలో దిగి, నీళ్లు చాలక రాస్‌కు మారారు. ఖైదీలతోనే అడవి కొట్టించి ఊరు కట్టించారు. ఉత్తరపు గుట్ట మీద చీఫ్ కమిషనర్ బంగళా, నడుమ చర్చి, దక్షిణపు కొసన సైనికుల బారకాసులు. బేకరీ, ప్రెస్సు, ఆసుపత్రి, టెన్నిస్ కోర్టు, ఈత కొలను, ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రాలు కూడా ఉండేవి. ఎవరో దీన్ని "తూర్పు దేశపు పారిస్" అన్నారట, ఆ ముక్కను బోర్డులు ఇప్పటికీ వదలడం లేదు. ఆ పారిస్‌కు రాళ్లు మోసింది కాళ్లకు ఇనుప కడియాలున్నవాళ్లు.

దాదాపు ఎనభై ఏళ్లు అండమాన్ పాలనంతా ఇక్కడి నుంచే సాగింది. 1941 జూన్ 26న పెద్ద భూకంపం వచ్చింది. పాత పుస్తకాల్లో దాని తీవ్రత 8.1 అని ఉంటుంది, ఇప్పటి లెక్కల్లో 7.7. రాస్ మీద కట్టడాలు బీటలిచ్చాయి, చాలా కుటుంబాలు దీవి విడిచి వెళ్లాయి. ఎదుటి ఒడ్డున సెల్యులార్ జైలుకూ దెబ్బ తగిలింది. మరమ్మతులకు తీరిక దొరకలేదు. తొమ్మిది నెలలు నిండకుండానే జపాన్ సైన్యం దిగింది.

జపాన్ సైన్యానికి ఇక్కడ పోరాటమే ఎదురుకాలేదు. 1942 మార్చి 8న రంగూన్ పడిపోగానే బ్రిటిష్‌వాళ్లు అండమాన్‌లోని సైన్యాన్ని వెనక్కి తీసుకున్నారు. మార్చి 23న జపాన్ దళాలు ప్రతిఘటన లేకుండా పోర్ట్‌బ్లెయిర్‌లో దిగాయి. ఫిరంగుల యుద్ధమే జరగని చోట ఫిరంగి దెబ్బలకు గోడలు ఎలా కూలతాయి? మిత్రరాజ్యాల విమానాలు 1944 జూన్‌లో పోర్ట్‌బ్లెయిర్ మీద దాడి చేసిన మాట నిజమే కానీ, రాస్ శిథిలాలకు అది ప్రధాన కారణం కాదు. వాడకం లేని ఇళ్ల సామగ్రిని జపాన్ వాళ్లు బంకర్లకు వాడుకున్నారని మాత్రం చెప్తారు. యుద్ధం అయ్యాక 1945 అక్టోబర్‌లో బ్రిటిష్‌వాళ్లు తిరిగొచ్చారు గానీ పాలనను మళ్లీ రాస్‌కు తేలేదు. 1979లో నౌకాదళం చేతికి వచ్చేదాకా దీవికి దిక్కు లేదు.

ఆ ముప్పై ఏళ్ల పైచిలుకులో ఏం జరిగిందో గోడల్ని దగ్గర్నుంచి చూస్తే అర్థమవుతుంది. మర్రి జాతి పండు తిన్న పక్షి గోడ పగులులో రెట్ట వేస్తుంది. విత్తనం నేల మీద పడకుండా గోడ నెత్తినే మొలుస్తుంది. నీటి కోసం దాని వేరు కిందికి జారుతూ ఇటుకల మధ్య సున్నం దారి పడుతుంది. ఆ సున్నం సిమెంటు కంటే మెత్తన, పైగా తేమ పట్టి ఉంచుతుంది, వేరుకు అంతకంటే ఏం కావాలి. వేరు లావయ్యే కొద్దీ ఇటుకలు పక్కకు జరుగుతాయి, పైన గచ్చు పెళ్లలుగా ఊడుతుంది. కప్పు ఎప్పుడో పోయి ఉంటుంది, దూలాలకు చెదలు, ఇనుముకు తుప్పు.

కొన్నాళ్లకు ఆ వేళ్లే వలలా అల్లుకుని గోడను పట్టి నిలబెడతాయి. గోడను చీల్చిందీ అవే, ఇప్పుడు పడిపోకుండా ఆపుతున్నదీ అవే. చెట్టు కొట్టేస్తే గోడ కూలుతుంది, ఉంచితే ఇంకా చీలుతుంది. కాపలా కాసేవాళ్లకు ఇది తెగని చిక్కు. వేళ్లు పట్టుకుని ఎక్కొద్దని చెప్పేది అందుకే, వేరు గట్టిదే గానీ దాని వెనక ఇటుక కాదు.

బంకర్లు గుర్తుపట్టడం

జెట్టీ దిగాక మనుషులంతా బంగళా, చర్చి వైపు పరుగెడతారు. జెట్టీకి దగ్గర్లోనే ఉన్న జపాన్ బంకర్‌ను చాలామంది నీళ్ల ట్యాంకో, పంపుల గదో అనుకుని దాటిపోతారు. గుర్తుపట్టడం తేలిక. బ్రిటిష్ కట్టడాలు ఇటుక, సున్నం, రాయి. వాటికి ఎత్తైన గుమ్మాలు, గాలి ఆడే పెద్ద కిటికీలు ఉంటాయి. బంకర్ మందపాటి కాంక్రీటు పెట్టె. పొట్టిగా, సగం నేలలో దిగబడినట్టు ఉంటుంది. కిటికీ ఉండాల్సిన చోట అడ్డంగా ఒక సన్నటి చీలిక, అంతే.

ఆ చీలిక దగ్గర కాసేపు ఆగండి. వెనక్కి తిరిగి అది ఎటు చూస్తోందో గమనిస్తే సముద్రమో, పడవలు వచ్చే దారో కనిపిస్తుంది. బంగళా కిటికీలను గాలి కోసం, బంకర్ చీలికను గురి కోసం పెట్టారు. రాస్ మీద ఈ రెండు కాలాల్ని విడదీసి చూడటానికి ఈ ఒక్క తేడా చాలు. ఇలాంటి బంకర్లు పోర్ట్‌బ్లెయిర్‌లో కార్బిన్స్ కోవ్ బీచ్‌కు వెళ్లే సముద్రపు రోడ్డు పక్కన కూడా ఉన్నాయి.

ఈ చిన్న దీవుల కోసం జపాన్ అంత దూరం ఎందుకు వచ్చిందంటే, సింగపూర్ నుంచి రంగూన్‌కు వెళ్లే ఓడలకు కాపలా కావాలి, బంగాళాఖాతం మీద నిఘాకు సముద్ర విమానాలు వాలే చోటు కావాలి. పోర్ట్‌బ్లెయిర్ రేవు రెండింటికీ సరిపోయింది. రెండు వారాలు తిరక్కుండా, 1942 ఏప్రిల్ 6న, బంగాళాఖాతంలోకి వచ్చిన జపాన్ నౌకాదళపు విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మన తీరంలో ముసలివాళ్లు చెప్పుకునే "జపాను బాంబు" అదే. అండమాన్ చేజిక్కాక బంగాళాఖాతంలో జపాన్‌కు అడ్డు ఎంత తగ్గిపోయిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

జెండాకీ, తుపాకులకీ మధ్య నెల రోజులు

బోస్ వచ్చిన సంగతి బోర్డుల మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని ముందూ వెనకా ఏమైందో అంత పెద్దగా ఉండదు.

1943 అక్టోబర్ 21న సింగపూర్‌లో ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించారు. నవంబర్‌లో జపాన్ ప్రధాని టోజో అండమాన్, నికోబార్ దీవుల్ని ఆ ప్రభుత్వానికి అప్పగిస్తామన్నాడు. డిసెంబర్ 29న బోస్ పోర్ట్‌బ్లెయిర్‌లో దిగాడు. బస రాస్ మీద, పాత చీఫ్ కమిషనర్ బంగళాలో. అందరూ చెప్పుకునే ఆ త్రివర్ణ పతాకం మాత్రం డిసెంబర్ 30న ఎదుటి ఒడ్డున జింఖానా మైదానంలో ఎగిరింది. ఆ మైదానమే ఇప్పటి నేతాజీ స్టేడియం.

అప్పగింత కాగితం మీదే ఉండిపోయింది. 1944లో ఆజాద్ హింద్ తరఫున గవర్నరుగా వచ్చిన ఎ.డి. లోగనాథన్ చేతికి నిజంగా వచ్చింది విద్యాశాఖ ఒక్కటే. పోలీసు, సైన్యం, జైలు అన్నీ జపాన్ నౌకాదళం చేతుల్లోనే ఉన్నాయి.

ఆ జైల్లో అప్పటికే గూఢచారులన్న నెపంతో పట్టుకున్న స్థానికులున్నారు. ఈ అనుమానం ఎలా పుట్టిందో తెలుసుకుంటే తర్వాతి ఘోరం అర్థమవుతుంది. జపాన్ సరుకు ఓడలు మిత్రరాజ్యాల సబ్‌మెరైన్లకు ఒకదాని తర్వాత ఒకటి బలవుతున్నాయి. పైగా 1943 జనవరిలో అండమాన్‌లో పూర్వం పోలీసు అధికారిగా పనిచేసిన డెనిస్ మెకార్తీ నాయకత్వంలో ఒక చిన్న జట్టు డచ్ సబ్‌మెరైన్‌లో వచ్చి రహస్యంగా దిగింది. కబుర్లు నిజంగానే బయటికి పోతున్నాయి, కాకపోతే పంపుతున్నది అడవిలో ఉన్న ఆ జట్టు. చిక్కింది ఊళ్లో ఉన్న డాక్టర్లు, గుమస్తాలు, బడి పంతుళ్లు. చిత్రహింసలకు తాళలేక ఒకరి పేరు ఒకరు చెప్పారు. అలా చెప్పించిన ప్రతి పేరూ ఇంకో అరెస్టుకు దారి తీసింది.

ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ నాయకుడు, పంజాబీ కవి డాక్టర్ దివాన్ సింగ్ కాలేపానీ 1944 జనవరి 14న ఆ హింసల వల్లే చనిపోయాడు. బోస్ వచ్చిన రోజుల్లో ఆయన జైల్లోనే ఉన్నాడు. బోస్‌కు జైలు చూపించారు గానీ, ఖైదీల గోడు ఆయన చెవిన పడకుండా జపాన్ అధికారులు పక్కనే ఉండి చూసుకున్నారు. జనవరి 30న, అంటే జెండా ఎగిరి సరిగ్గా నెల తిరిగేసరికి, ఊరికి దగ్గర్లోని హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చి చంపారు.

ఇక్కడ చదువరులు రెండు జట్లుగా చీలిపోతారు. బోస్ అన్నీ తెలిసే ఊరుకున్నాడని ఒకరు, అసలు ఇవేవీ జరగలేదని మరొకరు. దొరికిన ఆధారాలు ఈ రెండింటికీ బలం ఇవ్వవు. జెండా ఎగరడం నిజం, హత్యలూ నిజం. ఒకటి చెప్పడానికి రెండోది దాచాల్సిన పని లేదు.

1945కు సముద్ర దిగ్బంధంతో తిండి కరువైంది. యుద్ధం ముగిసే ఆగస్టు నెలలో, పనికి రాని నోళ్లు తగ్గించుకోవడానికి వందల మందిని హావ్‌లాక్ దగ్గరికి పడవల్లో తీసుకెళ్లి సముద్రంలోకి తోశారు. బతికినవాళ్లు బహు కొద్దిమంది. ఈరోజు అక్కడ స్కూబా డైవింగ్ చేసేవాళ్లకు ఈ సంగతి చెప్పే బోర్డు వెతికినా దొరకడం కష్టం.

రెండు రోజుల్లో ఏది ఎప్పుడు

విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు ఓడ ఉంది, కానీ ప్రయాణమే రెండు రోజులు దాటుతుంది, రాకపోకలూ తరచుగా ఉండవు. వారాంతానికి విమానమే దారి, హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో. శనివారం పొద్దున దిగి సోమవారం వెనక్కి వచ్చేలా చూసుకుంటే హాయి. ఆదివారమే వెనక్కి అంటే ఏదో ఒకటి వదులుకోవాలి.

వరుస విషయంలో సెలవు రోజులు ముఖ్యం. ఛాథం రంపపు మిల్లుకు ఆదివారం సెలవు. సెల్యులార్ జైలుకు సోమవారం. రాస్‌కు మామూలుగా బుధవారం. అందుకని శనివారం దిగగానే ఛాథం. 1883లో పెట్టిన ఈ మిల్లు ఆవరణలో యుద్ధకాలపు బాంబు గొయ్యి అలాగే ఉంది. ఇప్పుడు గడ్డి మొలిచిన పెద్ద గుంట, పక్కన బోర్డు లేకపోతే వాననీటి కుంట అనుకుంటాం. అక్కడి నుంచి జైలు. మొదట ఏడు రెక్కలు, 698 గదులు. భూకంపం, జపాన్ కాలం, స్వాతంత్ర్యం వచ్చాక కూల్చివేతలు, అన్నీ కలిసి మూడు మిగిలాయి. పోయిన రెక్కల చోట ఇప్పుడు ఆసుపత్రి ఉంది. మన్యం తిరుగుబాటులో అల్లూరి వెంట నడిచిన గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి వచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. తెలుగువాళ్లు ఆ వరండాల్లో నడిచేటప్పుడు గుర్తుచేసుకోవాల్సిన పేరు. సాయంత్రం జైలు ఆవరణలోనే ధ్వని, కాంతి ప్రదర్శన. రాస్ మీద కూడా అలాంటిదే ఉంది గానీ రెండూ ఒకే రాత్రి కుదరవు.

ఆదివారం రాస్, అదీ మొదటి పడవలో. వేళల విషయంలో తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లు పొరపడే చోటు ఇది. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది, పోర్ట్‌బ్లెయిర్ దాదాపు 92.7 దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన సూర్యుడు 40 నిమిషాలు ముందు నడుస్తాడు. డిసెంబర్‌లో అయిదు దాటగానే పొద్దు గుంకుతుంది, జూన్‌లో తెల్లవారుజామున అయిదుకే వెలుగు వచ్చేస్తుంది. మధ్యాహ్నం మూడుకు బయలుదేరి సాయంత్రం ఫొటోలు తీసుకుందాం అనుకుంటే చీకటే దక్కుతుంది.

మెరీనా దగ్గర వాటర్ స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో టికెట్ కొనేటప్పుడు రాస్ ఒక్కదానికి అడగాలి. అమ్మేవాళ్లు నార్త్ బే కలిపిన ప్యాకేజీ అంటగడతారు. అందులో నీటి ఆటలకే పొద్దు పోతుంది, రాస్‌కు గంట, గంటన్నర మిగులుతుంది. గుట్ట ఎక్కి, చర్చి, బంగళా, స్మశానం చూసి, ఫెర్రార్ బీచ్ వైపు మెట్లు దిగి రావడానికి తీరిగ్గా మూడు గంటలు పడుతుంది. పడవ టికెట్ వేరు, దీవి ప్రవేశ రుసుము వేరు. వెళ్లిన పడవలోనే తిరిగి రావాలి కాబట్టి దిగేముందు దాని పేరు ఫొటో తీసుకుని, బయలుదేరే టైము పడవవాళ్లనే అడగండి. జెట్టీ దగ్గర అన్ని పడవలూ ఒకేలా కనిపిస్తాయి.

నడవలేని పెద్దవాళ్లకు బ్యాటరీ బళ్లు ఉన్నాయి, కానీ స్మశానం, లైట్‌హౌస్ వైపు మెట్లు నడిచే దిగాలి. లైట్‌హౌస్‌ను యుద్ధకాలపుదనుకోవద్దు, అది 1977 నాటిది. జింకలు, నెమళ్లు మనుషులకు అలవాటుపడి దగ్గరికి వస్తాయి. బిస్కెట్లు పెట్టొద్దు, సంచిలో తిండి వాసన తగిలితే జింక సంచినే లాగుతుంది. పాచి పట్టిన మెట్ల మీద రబ్బరు చెప్పులు జారుతాయి, పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. మే నుంచి నైరుతి వానల్లో సముద్రం లేస్తే పడవలు ఆపేస్తారు. అలాంటప్పుడు రాస్‌ను మొదటి రోజే పెట్టుకుంటే ఆగినా రెండో రోజు మిగులుతుంది.

రాస్ నుంచి వచ్చాక సాయంత్రం నేతాజీ స్టేడియం, కార్బిన్స్ కోవ్ బంకర్లు. భాషకు ఇబ్బంది పడక్కర్లేదు. 2011 లెక్కల్లో ఈ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు, రేవు బజార్లలో ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతూనే ఉంటుంది.

సోమవారం విమానానికి ముందు రెండు గంటలుంటే హంఫ్రీగంజ్ వెళ్లొచ్చు. ఊరికి పది కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ప్యాకేజీ జాబితాల్లో ఉండదు, డ్రైవరుకు "బలిదాన్ వేది" అని చెప్పాలి. టికెట్టు లేదు, ప్రదర్శన లేదు. కాల్చి చంపిన చోట కట్టిన స్మారకం మీద 44 మంది పేర్లున్నాయి.